కరెంటు సైకిలు: తిప్పేదా, తొక్కేదా?

శిడ్లఘట్ట మార్కెట్టులో గూళ్లు పోసి వేలానికి కాచుకొని ఉంటే, ఈమధ్య మాటలన్నీ కరెంటు సైకిళ్ల మీదనే. చేతి ఎక్సలేటరుది కొనాలా, పెడలు తొక్కితే మోటరు సాయం చేసేది కొనాలా అని. మేము రెండూ ఉండే సైకిలు ఏడాదిన్నరగా వాడుతున్నాం. మాకు తెలిసింది చెప్తాం.

ఎక్సలేటరు స్కూటరు లెక్కే, తిప్పితే పోతుంది. పెడలు సాయం అట్ల కాదు, తొక్కుతుంటేనే మోటరు తిరుగుతుంది. తక్కువ ధరవాటిలో పెడలు తిరుగుతోందా లేదా అనేదే సెన్సరు చూస్తుంది. ధర ఎక్కువైతే ఎంత బలంగా తొక్కుతున్నామో చూసి సాయం ఇస్తుంది. మాది మొదటి రకం. పెడలు కొంచెం తిరిగినాకనే మోటరు అందుకుంటుంది. వెనక ఆకు మూట ఉంటే ఆ క్షణంలో సైకిలు వంకర పోతుంది.

అందుకే మొదట్లో మేము పెడలు ముట్టిందే లేదు. పోయిన ఎండాకాలం పంటలో, నాలుగో జ్వరం లేచిన నాలుగో రోజు. పురుగు మొత్తం తినే ఆకులో నూటికి 80 పాళ్లు ఈ దశలోనే అని మీకు తెలిసిందే. తోట నుంచి పురుగుల ఇంటికి రెండు కిలోమీటర్లు, నడుమ చెరువు కట్ట ఎక్కాలి. ఆరు ట్రిప్పులు ఎక్సలేటరు తిప్పే తోలినాం. ఏడో ట్రిప్పుకి కట్ట మీద బ్యాటరీ అయిపోయింది. మిట్టమధ్యాహ్నం. మూట మీద తడి గోనె ఆరిపోయింది. తోసుకుంటూ ఇల్లు చేరేసరికి సగం ఆకు వాడింది, దాన్ని ఏరి పారేశాం. తట్టల్లో పురుగులు తలలెత్తి వెతుకుతున్నాయి. ఇంట్లో ఆమె ఒక్క మాట అనలేదు, అదే కష్టం.

రాత్రి లెక్క వేసినాం. బ్యాటరీ 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్లు, అంటే 360 వాట్ అవర్లు. 250 వాట్ల మోటరు నిండుగా తిరిగితే గంటన్నర కూడా రాదు. పైగా బరువుతో మెల్లగా కట్ట ఎక్కేటప్పుడు కరెంటు ఎక్కువ లాగుతుంది, అందులో చానా భాగం మోటరు వేడికే పోతుంది. ఇప్పుడు కదిలేందుకు రెండు మూడు గజాలు ఎక్సలేటరు, ఆ తర్వాత కాళ్లు. కట్ట దగ్గర గట్టిగా తొక్కుతాం. ఎనిమిది ట్రిప్పులకీ బ్యాటరీ మిగులుతోంది.

అయినా ఎక్సలేటరు అసలు లేని సైకిలు ఆకు మోసేవాళ్లకు వద్దంటాం. మా అమ్మకు మోకాళ్లు నొప్పులు, ఆమెకు అదే దిక్కు. ఒకటి మరవొద్దు: సాళ్లలో తోసుకుంటూ పోయేటప్పుడు తాళం ఆపండి. చెయ్యి తగిలి మాది ఒకసారి మూటతో సహా కాలవలో పడింది.

250 వాట్లు, గంటకు 25 కిలోమీటర్లు, ఇదీ హద్దు. ఆ లోపల ఉంటే రిజిస్ట్రేషనూ లైసెన్సూ అక్కరలేదు. బలం చాలదని పెద్ద మోటరు వేయిస్తే ఆ వెసులుబాటు పోతుంది.

బ్యాటరీ ఛార్జి మాత్రం బ్లీచింగు చల్లే పురుగుల ఇంట్లో పెట్టకండి. మా ప్లగ్గు పిన్నులకు రెండు పంటలకే పచ్చగా చిలుము పట్టింది.