మాత్ర మానేసి క్యాప్సూలా?

డిప్రెషన్‌కి మందులు మొదలుపెట్టి ఆరు నెలలైంది. ఓ రాత్రి ఫోన్లో రీల్ కనిపించింది. ‘సెరటోనిన్ 90 శాతం పొట్టలోనే తయారవుతుంది, ఈ ప్రొబయాటిక్ చాలు’ అట! వెంటనే ఆర్డర్ పెట్టేశా. ఇక మాత్రలు మానేద్దామనీ అనుకున్నా.

డాక్టరు గారు తిట్టలేదు. ‘‘ఆ లెక్క నిజమేనమ్మా. కానీ పొట్టలోని సెరటోనిన్ మెదడులోకి వెళ్లదు. మాత్రలు ఒక్కసారిగా ఆపితే కళ్లు తిరుగుతాయి, నిద్ర పట్టదు, జబ్బు తిరగబెట్టొచ్చు’’ అన్నారు. పేగుల్లోని బ్యాక్టీరియా కబురు మెదడుకి చేరే దారులు వేరే ఉన్నాయి. వేగస్ నాడి అందులో ఒకటి.

మరి క్యాప్సూల్ దండగేనా? అలాగనీ కాదు. 2023లో లండన్‌లోని కింగ్స్ కాలేజీ వాళ్లు 49 మందిపై 8 వారాల ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. 14 రకాల బ్యాక్టీరియా ఉన్న ప్రొబయాటిక్ వేసుకున్నవాళ్లలో దిగులు, ఆందోళన ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో కంటే ఎక్కువ తగ్గాయి. రీల్‌లో చెప్పని ముక్క ఏంటంటే, వాళ్లంతా డిప్రెషన్ మందులు వాడుతూనే ఉన్నారు! పైగా అది చాలా చిన్న ప్రయోగం.

నేను మాత్రలు మానలేదు. డబ్బా డాక్టరు గారికి చూపించాకే మూత తీశా. అమ్మ మాత్రం పెరుగన్నం కలుపుతూ రోజూ అదే మాట... ‘‘దానికి పదిహేను వందలా!’’