మీకు తెలుసా? అయస్కాంతపు షీటుకు ఒకవైపే బలం!

గ్రీటింగ్ కార్డుల కోసం కాగితాన్ని పువ్వులుగా, ఆకులుగా కత్తిరించే పల్చటి స్టీలు డైలను చాలామంది అయస్కాంతపు షీట్లకు అంటించి దాచుకుంటారు. ఆ షీటు ఒకవైపే గట్టిగా పట్టుకుంటుంది, గమనించారా? రబ్బరులాంటి పదార్థంలో ఫెర్రైట్ పొడి కలిపి చేసే ఈ షీట్లలో ఉత్తర, దక్షిణ ధ్రువాలు సన్నటి చారలుగా పక్కపక్కనే ఉంటాయి. ఆ అమరిక వల్లే బలమంతా దాదాపు ఒక ముఖానికే చేరుతుంది. ఈ ఒకవైపు అయస్కాంతత్వాన్ని 1973లో జాన్ మాలిన్సన్ వివరించారు. రెండు షీట్ల బలమైన ముఖాలను కలిపి జరిపి చూడండి, చారలు దాటినప్పుడల్లా టకటకమంటూ ఎగిరి పడతాయి.

చారలు సన్నం కాబట్టి పట్టు ఎంతో దూరం పోదు. డైకీ షీటుకీ మధ్య దళసరి అట్ట పెడితే డై జారిపోతుంది. గుర్తు కోసం ఆ డైతో కత్తిరించిన నమూనాను కింద కాకుండా పక్కన అంటించడమే మేలు. చెక్కలో, ఫోములో బిగించిన లావుపాటి డైలకు మాత్రం ఈ షీట్లు పనికిరావు, వాటిని అరలో నిలబెట్టాల్సిందే. ఇంకొక మాట: దాచేముందు రంధ్రాల్లో ఇరుక్కున్న కాగితపు తునకలను సూదితో తీసేయండి.