చేవ్రాలా? అచ్చుముద్రా?

సంతకానికి తెలుగులో చేవ్రాలు అనే చక్కని పేరు ఉన్నది. చేతితో వ్రాసిన వ్రాలు కనుక అది చేవ్రాలు. చేయి తగలని సంతకానికి ఆ పేరు చెల్లదు. అమెరికాలో పాత బేస్‌బాల్ బంతులను సేకరించేవారికి తరచుగా ఎదురయ్యే చిక్కు సరిగ్గా ఇదే.

బేస్‌బాల్ బంతి పరిమాణంలో క్రికెట్ బంతికి దగ్గరగా ఉంటుంది. రెండు తెల్లని తోలు ముక్కలను ఎర్రదారంతో 108 జంటకుట్లు వేసి కలుపుతారు. కుట్ల వరుసలు బాగా దగ్గరకు వచ్చే ఇరుకు చోట ప్రసిద్ధుడైన ఆటగాడొక్కడే సంతకం చేస్తే ఆ బంతికి విలువ ఎక్కువ. 1948లో మరణించిన బేబ్ రూత్ స్వహస్తంతో సంతకం చేసిన బంతి వేల డాలర్లు పలుకుతుంది. అదే పేరు అచ్చువేసిన బంతి కేవలం జ్ఞాపిక.

అచ్చు బంతి పుట్టుకతోనే మోసం కాదు. జట్టు సభ్యులందరి సంతకాల నకళ్లను ముద్రించిన బంతులను క్రీడాస్థలాలలో అభిమానులకు బాహాటంగానే అమ్మేవారు. కొన్నవారికి అది అచ్చు అని తెలుసు. యాభై ఏళ్ల తరువాత తాతగారి పెట్టెలో ఆ బంతి దొరికిన మనుమడికి తెలియదు. ఆటగాళ్లే వ్రాశారని నమ్ముతాడు, నమ్మకంతోనే అమ్మజూపుతాడు.

పరీక్షకు మొదటి సాధనం భూతద్దం. కలం పట్టిన చేయి ఒకచోట ఒత్తుతుంది, ఒకచోట తేలిపోతుంది. గీత మొదట చిక్కగా ఉండి చివర సన్నబడుతుంది. రెండు గీతలు దాటుకొనే చోట సిరా మరింత ముదురుగా కనిపిస్తుంది. బాల్‌పాయింట్ కలమైతే తోలుపై సన్నని గాడి కూడా మిగులుతుంది. అచ్చులో ఈ హెచ్చుతగ్గులు ఉండవు. గీతలు దాటుకొనే చోటా అదే రంగు, అదే మందం. కొన్ని రబ్బరు ముద్రలలో సిరా అంచులకు ఒత్తుకొని నడుమ పలచబడుతుంది. ఇక జట్టు బంతిపై పేర్లన్నీ ఒకే పరిమాణంలో, ఒకదానికొకటి తగలకుండా క్రమంగా అమరి ఉంటే అనుమానించవలసిందే. నిజంగా పాతికమంది సంతకం చేసిన బంతిపై ఆలస్యంగా వచ్చినవాడికి చోటు చాలదు. అయితే ఒకే కలం చేతులు మారి ఉండవచ్చును గనుక, రంగు ఒక్కటేనన్న కారణంతో బంతిని త్రోసిపుచ్చరాదు.

పోల్చి చూచుటకు నమూనా కొన్నిసార్లు ఆ బంతిపైనే ఉంటుంది. అధికారిక బంతులపై తయారీదారు పేరుతోపాటు లీగ్ అధ్యక్షుని సంతకం కూడా అచ్చువేసేవారు. ఆటగాని సంతకం దానివలెనే చదునుగా కనిపిస్తే అదీ అచ్చే. ఆ ముద్ర బంతి వయస్సును కూడా చెబుతుంది. జో క్రోనిన్ 1959 నుండి 1973 వరకు అమెరికన్ లీగ్ అధ్యక్షుడు. ఆయన పేరున్న బంతిపై బేబ్ రూత్ సంతకం ఎంత అందంగా ఉన్నా అది అసలుది కాజాలదు.

అచ్చు కాదని తేలినంత మాత్రాన అసలుదని చెప్పలేము. ఇతరులు ఆటగాని పేరు చేతితోనే వ్రాయవచ్చు. 1990లలో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌.బి.ఐ. ‘ఆపరేషన్ బుల్‌పెన్’ పేరుతో ఇటువంటి ముఠాలను పట్టుకొన్నది. శాన్ డియాగో ఆటగాడు టోనీ గ్విన్, తాను చేయని తన సంతకాలను తన జట్టు దుకాణంలోనే చూచి ఆశ్చర్యపోయాడు. మదర్ థెరీసా పేరు వ్రాసిన బేస్‌బాల్ బంతులు సైతం ఆ దర్యాప్తులో బయటపడ్డాయి! ఆ తరువాత 2001లో మేజర్ లీగ్ బేస్‌బాల్ సంస్థ ధ్రువీకరణ పద్ధతిని ప్రారంభించింది. సాక్షి ఎదుట సంతకం జరిగితేనే బంతికి సంఖ్యగల హోలోగ్రామ్ అంటిస్తారు. అంతకు పూర్వపు బంతులకు అటువంటి సాక్షి లేడు. వాటి విషయంలో తోలును, సిరాను, బంతిపై ముద్రలను చూచియే నిర్ణయించవలసి ఉంటుంది.