డబ్బా మీద 144 అని ఉంటే, ఆటలో 87 అని ఎందుకు చూపిస్తుంది?

ప్రశ్న: కొత్తగా కొన్న గేమింగ్ మానిటర్ డబ్బా మీద 144 హెర్ట్జ్ అని రాసి ఉంది. అడాప్టివ్ సింక్ ఆన్ చేసి ఆడుతుంటే తెర మూలన ఆ అంకె ఒకసారి 87, ఒకసారి 112, ఇంకోసారి 71 అని మారిపోతోంది. మానిటర్‌లో ఏమైనా లోపం ఉందా?

జవాబు: లోపమేమీ లేదు. ఆ అంకెను అలా మార్చడమే అడాప్టివ్ సింక్ పని. అయినా మీ అనుమానం సహజమైనదే. 144 అని చెప్పి అమ్మిన వస్తువు 87 దగ్గర పనిచేస్తుంటే ఎవరికైనా ఆ ప్రశ్న వస్తుంది. మొదటి నుంచీ చూద్దాం.

తెర మీద బొమ్మ కదులుతున్నట్టు కనిపిస్తుంది కానీ, నిజానికి అవి వెంటవెంటనే మారే విడివిడి బొమ్మలు. ఒక్కో బొమ్మను ఫ్రేమ్ అంటారు. మానిటర్ సెకనుకు ఎన్నిసార్లు తెరను కొత్తగా నింపుతుందో దాన్ని రిఫ్రెష్ రేటు అంటారు. దీన్ని హెర్ట్జ్‌లలో చెబుతారు. 60 హెర్ట్జ్ మానిటర్ 16.7 మిల్లీసెకన్లకు ఒకసారి తెరను నింపితే, 144 హెర్ట్జ్ మానిటర్ 6.9 మిల్లీసెకన్లకే నింపుతుంది. ఈ నింపడం తెరంతా ఒకేసారి జరగదు. పైవరసతో మొదలై ఒక్కో వరసా దిగుతూ అడుగుదాకా వస్తుంది.

సినిమా అయితే చిక్కు లేదు. సెకనుకు 24 చొప్పున ఫ్రేములన్నీ ముందే సిద్ధంగా ఉంటాయి. ఆట అలా కాదు. మీరు ఎటు తిరుగుతారో, ఏ మీట నొక్కుతారో ముందుగా తెలియదు కాబట్టి గ్రాఫిక్స్ కార్డు ప్రతి ఫ్రేమునూ అప్పటికప్పుడు గీయాలి. ఎదురుగా ఖాళీ గోడ ఉంటే 7 మిల్లీసెకన్లలో గీసేయవచ్చు. అదే చోట బాంబు పేలి, పొగ లేచి, పదిమంది శత్రువులు పరుగెత్తుకొస్తే 14 మిల్లీసెకన్లు పట్టవచ్చు. కార్డు వేగం ఇలా క్షణక్షణానికీ మారుతుంటుంది. మానిటర్ మాత్రం గడియారం పెట్టుకున్నట్టు 6.9 మిల్లీసెకన్లకు ఒకసారి తన పని తాను చేసుకుపోతుంది. ఈ రెండింటికీ పొత్తు కుదరకపోవడమే అసలు సమస్య.

పొత్తు కుదరనప్పుడు ఏం జరుగుతుందో కళ్లతోనే చూడవచ్చు. ఆటలో ఒక నిలువు స్తంభం ముందు నిలబడి గబగబా పక్కకు తిరగండి. స్తంభం పైసగం ఒకచోట, కిందిసగం కొంచెం పక్కకు జరిగి, మధ్యలో కోసినట్టు కనిపించవచ్చు. మానిటర్ సగం తెర నింపేసరికి కార్డు కొత్త ఫ్రేము తెచ్చి పెట్టింది. మానిటర్ మిగతా సగాన్ని ఆ కొత్త ఫ్రేముతో నింపింది. పైన పాత బొమ్మ, కింద కొత్త బొమ్మ. దీన్నే టేరింగ్ (తెర చిరిగినట్టు కనిపించడం) అంటారు.

దీనికి చాలాకాలంగా ఉన్న మందు వీ-సింక్. మానిటర్ ఒక తెర పూర్తిగా నింపి, తర్వాతి దానికి సిద్ధమయ్యేదాకా కొత్త ఫ్రేము ఇవ్వకుండా కార్డును ఆపుతుంది. చిరుగు పోతుంది. కానీ ఒక ఫ్రేముకు 8 మిల్లీసెకన్లు పట్టిందనుకోండి. 6.9 దగ్గర రావలసిన అవకాశం ఒక్క మిల్లీసెకను తేడాతో తప్పిపోయింది. ఇక 13.9 దాకా ఆగాల్సిందే. ఈలోగా తెర మీద పాత బొమ్మే మళ్లీ పడుతుంది. కంటికి అది కుదుపులా తగులుతుంది. మౌస్ కదిపాక తెర కదలడానికి ఆలస్యమైనట్టు చేతికీ తెలుస్తుంది.

వేళ ప్రకారం కదిలే బస్సు మనం అర నిమిషం ఆలస్యమైతే వెళ్లిపోతుంది, తర్వాతి బస్సు దాకా పడిగాపులు తప్పవు. మాట్లాడుకున్న ఆటో అయితే మనం ఎక్కాకే కదులుతుంది. అడాప్టివ్ సింక్ మానిటర్‌ను బస్సు పద్ధతి నుంచి ఆటో పద్ధతికి మారుస్తుంది. ఫ్రేము వచ్చాకే తెర నింపడం మొదలవుతుంది.

మానిటర్ ఎలా ఆగగలుగుతుంది? దీనికి జవాబు పాత డబ్బా టీవీల కాలంలో ఉంది. వాటిలో ఎలక్ట్రాన్ పుంజం తెరను పైనుంచి కిందికి గీసి, మళ్లీ పైకి వెళ్లడానికి కొంచెం వ్యవధి కావాలి. ఆ వ్యవధిలో బొమ్మ సమాచారం పంపరు. ఇప్పటి పలక తెరల్లో ఎలక్ట్రాన్ పుంజం లేదు కానీ, ఒక ఫ్రేముకూ మరో ఫ్రేముకూ మధ్య ఆ ఖాళీ మాత్రం సిగ్నల్‌లో మిగిలింది. అడాప్టివ్ సింక్ ఈ ఖాళీనే సాగదీస్తుంది. కార్డు కొత్త ఫ్రేము పంపేదాకా మానిటర్ ఆ ఖాళీలో కాచుకుని ఉంటుంది.

మీరు చూసిన 87 ఇలా వచ్చిందే. ఆ క్షణంలో ఒక్కో ఫ్రేముకు దాదాపు 11.5 మిల్లీసెకన్లు పట్టింది. సెకనుకు 87 ఫ్రేములు వచ్చాయి, మానిటర్ 87 సార్లే నింపింది. ఇక్కడ ఒక మేలు ఉంది. తెర నింపే వేగం తగ్గలేదు. ప్రతి ఫ్రేమూ 7 మిల్లీసెకన్ల లోపే పైనుంచి కిందికి పడిపోతుంది. పెరిగింది ఆ తర్వాత ఆగే సమయం మాత్రమే. కాబట్టి 87 దగ్గర నడిచినా మీరు డబ్బు పెట్టి కొన్న వేగం వృథా పోలేదు.

ఇది ఏం చేయలేదో కూడా తెలుసుకోవాలి. ఆట వేగాన్ని ఇది పెంచదు. కార్డు 70 ఫ్రేములే ఇవ్వగలిగితే 70నే కుదుపు లేకుండా చూపిస్తుంది, అంతే. పైహద్దును కూడా ఇది దాటలేదు. కార్డు 180 ఫ్రేములు ఇచ్చినా 144 హెర్ట్జ్ మానిటర్ అంతకు మించి నింపలేదు. అప్పుడు మళ్లీ చిరుగో, వీ-సింక్ ఆలస్యమో వచ్చిపడుతుంది. అందుకే తెలిసినవాళ్లు ఆట సెట్టింగుల్లో ఫ్రేముల పరిమితిని 140 దగ్గర పెట్టుకుంటారు.

పైహద్దు ఉన్నట్టే కిందిహద్దూ ఉంటుంది. చాలా మానిటర్లలో అది 48 హెర్ట్జ్. ఎల్‌సీడీ తెరలో ప్రతి చుక్కా తనకిచ్చిన విద్యుదావేశాన్ని పట్టుకుని ఉండాలి. అది మెల్లగా కారిపోతుంటుంది. ఎక్కువసేపు కొత్తగా నింపకపోతే వెలుగు తగ్గి, నింపగానే పెరిగి, తెర మినుకుమినుకుమంటుంది. అందుకే మానిటర్ ఎంతసేపైనా కాచుకుని ఉండలేదు.

మరి ఆట 40 ఫ్రేములకు పడిపోతే? ప్రతి ఫ్రేమునూ రెండుసార్లు చూపిస్తారు. 40 ఫ్రేములు, 80 హెర్ట్జ్. బొమ్మలు సమానమైన వ్యవధుల్లో మారతాయి కాబట్టి కుదుపు తెలియదు. దీన్ని ఎల్ఎఫ్‌సీ అంటారు. అయితే మానిటర్ పరిధి 48 నుంచి 75 మాత్రమే అయితే ఈ ఉపాయం పారదు. 40కి రెండింతలు 80, అది 75 దాటిపోయింది. పైహద్దు కిందిహద్దుకు కనీసం రెండింతలు ఉండాలనేది ఇందుకే.

ఈ సదుపాయాన్ని 2013లో గ్రాఫిక్స్ కార్డుల సంస్థ ఎన్‌విడియా జీ-సింక్ పేరుతో ప్రకటించింది. అప్పట్లో మానిటర్ లోపల ప్రత్యేకమైన బోర్డు ఒకటి పెట్టేవారు. 2014లో వీసా అనే ప్రమాణాల సంస్థ అడాప్టివ్ సింక్‌ను కంప్యూటర్‌ను మానిటర్‌కు కలిపే డిస్‌ప్లేపోర్ట్‌ ప్రమాణంలో చేర్చింది. మరో కార్డుల సంస్థ ఏఎండీ తెచ్చిన ఫ్రీసింక్ దాని మీదే నిలబడింది. 2019 నుంచి ఎన్‌విడియా కార్డులూ ఈ ఉమ్మడి పద్ధతిలోని మానిటర్లతో పనిచేస్తున్నాయి. అందుకే ఇప్పుడు ఓ మోస్తరు ధర మానిటర్లలోనూ ఇది దొరుకుతోంది.

మీ ఇంట్లో సరిగ్గా పనిచేస్తోందో లేదో తేల్చుకోవడం తేలికే. మానిటర్ మెనూలోనూ, గ్రాఫిక్స్ డ్రైవర్‌లోనూ దీన్ని ఆన్ చేయండి. విండోస్ సెట్టింగుల్లో 144 ఎంచుకున్నారో లేదో చూడండి. చాలాసార్లు అది 60 దగ్గరే ఉండిపోతుంది. తర్వాత ఆటలో ఫ్రేముల లెక్కను, మానిటర్ చూపే హెర్ట్జ్ అంకెను పక్కపక్కన గమనించండి. కిందిహద్దు దాటి పడిపోనంతవరకు రెండూ కలిసి పెరిగి, కలిసి తగ్గుతుంటే అంతా సవ్యంగా ఉన్నట్టే. కార్డు ఫ్రేములు తగ్గినా హెర్ట్జ్ అంకె 144 దగ్గరే బిగుసుకుపోయి ఉంటే సెట్టింగు ఏదో పడలేదన్నమాట.

ఇంకో మానిటర్ కొనే రోజు వస్తే, డబ్బా మీది పెద్ద అంకెతో ఆగిపోకండి. వివరాల పట్టికలో అడాప్టివ్ సింక్ పరిధి ఎక్కడ మొదలవుతుందో చూడండి. మధ్యరకం కార్డుతో బరువైన ఆటలు ఆడేవాళ్లకు పైహద్దు అందేది అరుదు. కష్టమైన ఘట్టాల్లో ఫ్రేములు పడిపోయినప్పుడు ఆదుకునేది ఆ కిందిహద్దే.