కంప్యూటరుకు మన ఊరు ఎలా తెలుస్తుంది?

తిరుపతిలోని ఒక పాఠశాలలో పాత కంప్యూటరుకు కొత్తగా ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిస్తున్నారనుకుందాం. ఏ భాష కావాలని అడిగింది, చెప్పారు. కీబోర్డు ఏ రకమని అడిగింది, చెప్పారు. ఆ తర్వాత అది ఎవరినీ ఏమీ అడక్కుండానే తెర మీద ప్రపంచ పటం పరిచి, సింగపూర్ మీద ఒక చుక్క పెట్టింది. అంటే, మీరున్న చోటు ఇదేనని దాని ఉద్దేశం!

సింగపూర్ ఎక్కడ, తిరుపతి ఎక్కడ? కోట్ల లెక్కలు క్షణంలో చేసే యంత్రం ఇంత చిన్న విషయంలో పొరబడడమేమిటి?

నిజానికి అది మన ఊరిని చూడలేదు. ఊహించింది, అంతే. ఆ ఊహ ఎలా పుట్టిందో తెలిస్తే, తప్పును సరిదిద్దడం మీకే చేతనవుతుంది.

మీకొక సందేహం రావచ్చు. సెల్‌ఫోను మనం నిలబడ్డ వీధిని కూడా చూపిస్తుంది కదా, కంప్యూటరుకేం వచ్చింది అని. ఫోనులో ఉపగ్రహాల సంకేతాలను అందుకునే గ్రాహకం ఉంటుంది. కనీసం 4 ఉపగ్రహాల సంకేతాలు తనను చేరడానికి పట్టిన కాలాన్ని బట్టి అది తానున్న చోటును లెక్కగడుతుంది. మన దేశపు నావిక్ ఉపగ్రహాలలో మొదటిది 2013 జూలై 1న శ్రీహరికోట నుంచి పైకి వెళ్ళింది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడ్డాక ఆ శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకే వచ్చింది. అయినా ఏం లాభం? బల్ల మీది కంప్యూటరులో సాధారణంగా అలాంటి గ్రాహకం ఉండదు. కాబట్టి అది మరో దారి వెతుక్కుంటుంది.

ఆ దారి ఐ.పి. అడ్రసు. ఇంటర్నెట్‌కు కలిసే ప్రతి కనెక్షన్‌కూ ఒక సంఖ్య ఉంటుంది. ఉత్తరం మీద పంపినవారి చిరునామా ఉన్నట్లే, మన కంప్యూటరు పంపే ప్రతి సమాచారపు ముక్క మీదా ఈ సంఖ్య ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కేటప్పుడు కంప్యూటరు దూరాన ఉన్న ఒక సర్వరును పలకరిస్తుంది. ఆ సర్వరు తన దగ్గరున్న పెద్ద పట్టికలో ఈ సంఖ్యను వెతికి, ‘ఇది ఫలానా ఊరిది’ అని జవాబిస్తుంది.

చిక్కంతా ఆ పట్టికలోనే ఉంది. అలిపిరి దగ్గర కాసేపు నిలబడి కొండకు వెళ్ళే కార్ల నంబరు పలకలు చూడండి. టి.ఎన్. అని ఉంటే తమిళనాడు, కె.ఎ. అని ఉంటే కర్ణాటక అని మీరు ఇట్టే చెప్పేస్తారు. చాలాసార్లు అది నిజమే అవుతుంది. కాని, చెన్నైలో కొన్న పాత కారును చిత్తూరులో ఉన్నాయన నడుపుతూ ఉండవచ్చు. పలక చెప్పేది బండి ఎక్కడ నమోదైందో గాని, ఇప్పుడు ఎక్కడుందో కాదు. ఐ.పి. అడ్రసు సంగతీ అంతే.

పాత పద్ధతి ఐ.పి. అడ్రసులు మొత్తం సుమారు 430 కోట్లు. ఆసియా, పసిఫిక్ దేశాలకు వీటిని పంచే సంస్థ ఎ.పి.నిక్. దాని కార్యాలయం ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ఉంది. ఇంటర్నెట్ కంపెనీలు అడ్రసులను గుత్తగా తీసుకుని తమ వాడుకరులకు ఇస్తాయి. కంపెనీ కార్యాలయం చెన్నైలోనో హైదరాబాదులోనో ఉంటే, తిరుపతి కనెక్షన్ కూడా ఆ ఊరిదిగానే పట్టికకు ఎక్కవచ్చు. ఒక దేశంలోని కంపెనీ తన అడ్రసులను మరో దేశపు కంపెనీకి బదిలీ చేయడమూ ఉంది. పట్టికను వెంటనే దిద్దకపోతే అందులో పాత దేశమే మిగిలిపోతుంది. వి.పి.ఎన్. వాడుతుంటే సమాచారమంతా మరో దేశంలోని సర్వరు మీదుగా పోతుంది గనుక, ఆ దేశమే మన ఊరైపోతుంది.

ఇలాంటి ఊహను నిజమని నమ్మితే ఎంత ముప్పో 2016లో లోకానికి తెలిసింది. అమెరికాలో ఒక సంస్థ ఇలాంటి పట్టిక తయారుచేసింది. ఏ ఊరివో తెలియని అమెరికా అడ్రసులన్నిటికీ దేశం నడిమధ్యకు దగ్గరగా ఒకే బిందువును రాసిపెట్టింది. ఆ బిందువు కాన్సస్ రాష్ట్రంలోని ఒక పొలం మీద పడింది. 60 కోట్లకు పైగా అడ్రసులు ఆ పొలం పేరిట చేరాయి. ఇంటర్నెట్‌లో ఎక్కడెక్కడి మోసగాళ్ళనో వెతుక్కుంటూ పోలీసులు, మోసపోయినవారు ఏళ్ళ తరబడి ఆ ఇంటికి వచ్చారు. పాపం, ఆ ఇంటివారికి ఏమీ తెలియదు! విషయం బయటపడ్డాక ఆ సంస్థ బిందువును ఒక జలాశయం మధ్యకు జరిపింది. ‘తెలియదు’ అని రాయవలసిన చోట ఒక ఊరు రాయడమే ఇక్కడ జరిగిన తప్పు.

మన పాఠశాల కంప్యూటరు దగ్గరకు వద్దాం. చోటు తప్పితే గడియారమూ తప్పుతుంది. సింగపూర్ కాలం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. కాబట్టి మన ఉదయం 10 గంటలకు ఆ కంప్యూటరు 12.30 చూపిస్తుంది. ఎవరైనా వెంటనే చేసే పని ఏమిటి? గడియారాన్ని వెనక్కి తిప్పి 10 చేస్తారు. అలా చేయకూడదు! ఎందుకో చూడండి.

కంప్యూటరు లోపల ఉండేది మన ఊరి కాలం కాదు, ప్రపంచమంతటికీ ఒకటే అయిన యు.టి.సి. కాలం. మన కాలం దానికంటే 5.30 గంటలు ముందు. మన 10 గంటలకు యు.టి.సి. 4.30. సింగపూర్ అనుకున్న కంప్యూటరు దానికి 8 గంటలు కలిపి 12.30 చూపింది. లోపలి లెక్క సరైనదే, కలిపిన అంకె మాత్రమే తప్పు. మనం గడియారాన్ని 10కి తిప్పితే అది 8 తీసివేసి, యు.టి.సి. 2 గంటలని నమ్ముతుంది. అంతవరకు బాగున్న లోపలి లెక్క కూడా చెడిపోయిందన్నమాట. అప్పుడు మీరు పంపిన ఉత్తరం చిత్తూరులోని మిత్రుడికి ఉదయం 7.30కే పంపినట్లు కనిపించవచ్చు. ఇంటర్నెట్ నుంచి సరైన సమయం అందగానే గడియారం మళ్ళీ 12.30కి ఎగురుతుంది.

కాబట్టి మార్చవలసింది ముల్లును కాదు, టైమ్ జోన్‌ను. పటం కనిపించినప్పుడే భారతదేశం మీద నొక్కాలి. అక్కడ ‘కోల్‌కతా’ అని వస్తే అదీ తప్పేనని కంగారుపడకండి. కోల్‌కతా మనకు సుమారు 1,400 కిలోమీటర్ల దూరమే అయినా, ఈ జాబితాలో ఒక్కో కాలానికి సాధారణంగా ఒక పెద్ద నగరం పేరు పెట్టారు. భారతదేశమంతటికీ 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి ఒకటే కాలం. ఆ రేఖ మన రాష్ట్రంలో కాకినాడకు సమీపంగా పోతుంది. తిరుపతి 79.4 డిగ్రీల దగ్గర ఉంది గనుక సూర్యుడు మన నడినెత్తి రేఖకు సగటున 12 నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. అయినా గడియారం అందరికీ ఒకటే.

ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కడం పూర్తయ్యాక తప్పు కనిపిస్తే, సెట్టింగులలో టైమ్ జోన్‌ను తనంతట తాను ఎంచుకునే ఏర్పాటును ఆపి, చేత్తో కోల్‌కతాను ఎంచుకోండి. వి.పి.ఎన్. ఉంటే ముందుగా ఆపండి.

తేడా ఎంతో చూస్తే కారణం కూడా పట్టుకోవచ్చు. గంటన్నర వెనకబడితే దుబాయ్ కాలం పడిందేమో చూడండి. పావుగంట ముందుంటే నేపాల్‌ది కావచ్చు. సరిగ్గా 5.30 గంటల తేడా ఉండి, టైమ్ జోన్ మాత్రం కోల్‌కతా అనే ఉంటే, ఆ కంప్యూటరులో విండోస్, లినక్స్ రెండూ ఉన్నాయేమో అడగండి. మదర్‌బోర్డు మీది గడియారంలో లినక్స్ సాధారణంగా యు.టి.సి. కాలం ఉంచుతుంది, విండోస్ స్థానిక కాలం ఉంచుతుంది. ఒకటి రాసింది రెండోది తప్పుగా చదువుతుంది. రెండూ ఒకే పద్ధతి పాటించేలా సెట్టింగు మారిస్తే సరిపోతుంది.

తేడా గంటల్లో కాక ఏళ్ళలో ఉంటే ఊరి తప్పు కాదు. మదర్‌బోర్డు మీద 20 మిల్లీమీటర్ల వెడల్పున, బిళ్ళలాంటి 3 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అది అయిపోతే తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కి పోతుంది. అప్పుడు భద్రత గల వెబ్‌సైట్లు కూడా తెరుచుకోవు. వాటి ధ్రువపత్రాలకు మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉంటాయి. కంప్యూటరు లెక్కలో ఆ పత్రం ఇంకా పుట్టనే లేదు మరి! కొత్త బ్యాటరీ వేయాలి.

మీ బడిలోని కంప్యూటర్లను ఒకసారి పరీక్షించండి. ఒక్కోదాని గడియారాన్ని సరైన సమయంతో పోల్చి, తేడాను, టైమ్ జోన్ పేరును ఒక కాగితం మీద పట్టికగా రాయండి. ఆ రెండూ పక్కపక్కన చూసి కారణం చెప్పండి. కారణం తేలాకనే సెట్టింగు మీద చెయ్యి వేయండి.