మోడిఫై చేసిన కారుకు ధర ఎలా కట్టాలి?

కాకి పిల్ల కాకికి ముద్దు అంటారు. మోడిఫై చేసిన కారును అమ్మకానికి పెట్టినవాళ్లను చూస్తే ఆ మాటే గుర్తొస్తుంది. ఉదాహరణకు ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ తీసుకుందాం. 2013లో వచ్చిన 1.2 లీటర్ల టర్బో బండి, 105 హార్స్‌పవర్, ఏడు గేర్ల డీఎస్‌జీ. మన దేశంలో పోలో తయారీ 2022లో ఆగిపోయింది కానీ, ముచ్చటపడి వెతుక్కునేవాళ్లు ఇంకా ఉన్నారు. మోడిఫై చేయని ఇలాంటి కారు ఆరు లక్షలు పలుకుతుందనుకుందాం. యజమాని దాని మీద మరో మూడు లక్షలు పెట్టాడు. తొమ్మిది అడుగుతాడు. ఫోన్ మోగదు.

ముందుగా ఆ ఆరు లక్షలు నిజమేనా అన్నది తేల్చుకోవాలి. ప్రకటనల్లో కనిపించేది అడిగే ధర, బేరం తెగిన ధర కాదు. అదే ఏడాది, అదే ఇంజిన్, దాదాపు అన్నే కిలోమీటర్లు తిరిగిన బండ్లు నాలుగైదు చూసి, అవి ఎన్నాళ్లుగా అమ్ముడుపోకుండా ఉన్నాయో గమనించండి. రెండు నెలలుగా అక్కడే ఉన్న ప్రకటనలోని ధరను లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. బీమా పత్రంలోని ఐడీవీ కూడా మార్కెట్ ధర కాదు. అది బీమా కోసం లెక్కగట్టే విలువ.

ఇక మూడు లక్షల సంగతి. చక్రాలు, టైర్లకు 80 వేలు, కాయిల్‌ఓవర్ సస్పెన్షన్‌కు 90 వేలు, ఎగ్జాస్ట్‌కు 60 వేలు, ఈసీయూ రీమ్యాప్‌కు 40 వేలు, కూలీ 30 వేలు అనుకుందాం. వీటిలో విప్పి విడిగా అమ్ముకోగలిగినవి ఏవో చూడండి. చక్రాలకు 40 వేలు, సస్పెన్షన్‌కు 40 వేలు, ఎగ్జాస్ట్‌కు 20 వేలు రావచ్చు. రీమ్యాప్‌ను విప్పి అమ్మలేం. కూలీ ఎప్పుడో ఖర్చయిపోయింది. మూడు లక్షల్లో మిగిలింది లక్ష. పాత భాగాలు తిరిగి బిగించడానికి 15 వేలు పోతే, 85 వేలు. అంకెలు ఊహించినవే అయినా లెక్క వేసే పద్ధతి ఇదే.

రీమ్యాప్ ధర పెంచకపోగా తగ్గించవచ్చు కూడా. ఈ కారులోని డీఎస్‌జీ గేర్‌బాక్స్ 250 న్యూటన్ మీటర్ల టార్క్‌ను తట్టుకునేలా చేసింది. కంపెనీ ఇచ్చిన టార్క్ 175. రీమ్యాప్‌తో ఇంజిన్ టార్క్ పెరిగి, ఆ మధ్య ఉన్న ఖాళీ తగ్గుతుంది. బండి గురించి తెలిసినవాడు వస్తే ముందు అడిగేది క్లచ్, మెకట్రానిక్ యూనిట్ ఎప్పుడు మార్చారనే. బిల్లు చూపించగలిగితే బేరంలో మీ మాటకు బలం వస్తుంది. ఆ బిల్లు లేకపోతే రీమ్యాప్ గురించి ఎంత గొప్పగా చెప్పినా అతనికి వినిపించేది ఒక్కటే: ఈ బండిని బాగా తొక్కారు.

చట్టం మాటా చూడాలి. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా మార్పులు చేయకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాటను గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించే వీలు వచ్చింది. బీమా సంస్థకు చెప్పకుండా చేసిన మార్పులు క్లెయిమ్ వేళ తలనొప్పి తెస్తాయి. కొనేవాడు ఈ భయాలన్నిటినీ ధరలోంచి కోసేస్తాడు. అతన్ని తప్పుపట్టలేం.

అందుకే కంపెనీ నుంచి వచ్చిన చక్రాలు, స్ప్రింగులు, సైలెన్సర్ పారేయకుండా దాచుకున్నవాళ్లు తెలివైనవాళ్లు. కారును మళ్లీ మామూలుగా మార్చి ఆరుకు ఇంటి అవసరానికి కొనేవాళ్లకు అమ్మి, విడిభాగాలను విడిగా అమ్మితే మొత్తం 6.85 లక్షలు చేతికొస్తాయి. కాకపోతే నెలల ఓపిక కావాలి. ఉన్నదున్నట్టు అమ్మాలంటే కొనేవాళ్లు పది మందికి ఒకరే దొరుకుతారు. అతను విడిభాగాల విలువలో సగానికి మించి ఇవ్వడు.

కాబట్టి ఈ కారుకు ఏడు లక్షలు అడగండి. పాత భాగాలు కూడా ఇస్తానని ప్రకటనలోనే రాయండి. రీమ్యాప్ సంగతి దాచవద్దు, ఎవరు చేశారో చెప్పండి. ఆరున్నర దగ్గర బేరం ఆగితే ఒప్పుకోండి. తొమ్మిది లక్షల కారు మీ లెక్కల పుస్తకంలో తప్ప మార్కెట్లో లేదు.