కలరాను నూతివద్దనే అరికట్టవలెను

వానలు మొదలైన పిదప ఒకే వీధిలో నలుగురికి వాంతులు, విరేచనములు పట్టుకొన్నచో అది అమ్మవారి ఆగ్రహమని పూర్వము మన పెద్దలు భయపడెడివారు. కాని ఆ వ్యాధికి మూలము కంటికి కానరాని యొక సూక్ష్మజీవి. 1884లో రాబర్టు కాక్ అను జర్మను శాస్త్రజ్ఞుడు కలకత్తాలో కలరా క్రిమిని వేరుచేసి చూపెను. ఆ క్రిమి విడుచు విషమే శరీరములోని నీటిని ప్రేగులలోనికి రప్పించుచున్నదని 1959లో ఆ నగరమందే శంభునాథ్ డే గారు నిరూపించిరి.

కావున పోయిన నీటిని తిరిగి నింపుటయే మొదటి చికిత్స. 1971లో తూర్పు బెంగాలు శరణార్థుల శిబిరమున దిలీప్ మహలనబీస్ గారు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని త్రాగించి వేలమందికి చికిత్స చేసిరి. ఓ.ఆర్.ఎస్. పొట్లములో నున్నది ఇట్టి మిశ్రమమే. దానిని లీటరు మంచినీటిలో కలిపి కొద్దికొద్దిగా త్రాగింపవలెను. పొట్లము దొరకనిచో ఆరు చిన్నచెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలుపవచ్చును. కన్నులు లోతుకు పోయినను, మూత్రము ఆగినను, రోగిని వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను.

క్రిమిని చంపు మందులును కలవు. టెట్రాసైక్లిను జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్, భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనాధిపతిగా నుండిన అమెరికా సంస్థనుండి 1948లో వెలువడెను. అయితే ప్రతి విరేచనమునకును అంగడిలో మాత్రలు కొని మ్రింగుట ప్రమాదకరము. క్రమముగా క్రిములు మందునకు లొంగకుండ పోవును. ఏ మందు అవసరమో వైద్యుడే నిర్ణయింపవలెను.

నివారణ మాత్రము పంచాయతీ చేతిలోనే యున్నది. మూడు మీటర్ల అడ్డుకొలత, నాలుగు మీటర్ల లోతు నీరు గల నూతిలో సుమారు 28 వేల లీటర్లుండును. వేయి లీటర్లకు రెండున్నర గ్రాముల వంతున దానికి సుమారు 70 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు చాలును. దానిని బకెట్టులో నీటితో కలిపి, సున్నము అడుగునకు దిగిన పిమ్మట పైతేట నీటిని వేరొక బకెట్టులోనికి వంచి, నూతిలోనికి దింపి బాగుగా కలియబెట్టవలెను. గంట గడచువరకు ఎవ్వరును నీరు తోడరాదు. రాత్రివేళ ఈ పని చేయుట మేలు. కుళాయిలున్న గ్రామములలో పైపు పగిలి మురుగునీరు చేరుచున్నదేమో పరిశీలింపవలెను.

తొలి రోగి కనబడిన దినముననే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తెలుపుడని సభ్యులకు మా మనవి. ఊరి పేరు చెడునని దాచిపెట్టినచో, ఒక ఇంటి వ్యాధి ఊరంతటికి ప్రాకును.